మల్హర్ వెళ్ళిపోయాక

బాపట్ల ఊరి చివర, చీరాల వెళ్ళే రోడ్డు పక్కన ఒక జీడిపప్పు యూనిట్ ఉంది. అందులో పొట్టు తీసే హాల్లో అరవైమంది ఆడవాళ్ళు చిన్న చిన్న చాకులు పట్టుకుని నేలమీద బారులు తీరి కూర్చునేవాళ్ళు. అందరి చేతులూ ఆడుతుండేవి. పుల్లమ్మకి మాత్రం చేతులకన్నా నోటికే పని ఎక్కువ. ఆమె ముందున్న పప్పును అటుపక్కవాళ్ళూ ఇటుపక్కవాళ్ళూ తలా కాస్త లాక్కుని ఒలిచేసేవాళ్ళు. ఆమె మాత్రం ఒళ్ళో పుస్తకం పెట్టుకుని, గొంతు కాస్త పెంచి చదువుతూ పోయేది.

యజమాని హాల్లోకి ఫోన్లు తేవద్దన్న ఏడాది మొదలైన అలవాటిది. సీరియళ్ళు వింటూ పప్పు విరగ్గొడుతున్నారని ఆయన కోపం. ఫోన్లు లేని మొదటి వారం హాలు శవం లేచిన ఇల్లులా ఉండేది. రెండోవారం పుల్లమ్మ తన సంచీలోంచి అట్ట చిరిగిన నవల ఒకటి తీసింది. మేస్త్రి ప్రతాప్ చూసి కూడా ఊరుకున్నాడు. పని ఆగడం లేదు కదా అనుకున్నాడు. నాలుగు రోజులయ్యేసరికి అతనే గుమ్మం దగ్గర నిలబడి, ఒక కాలు లోపలా ఒక కాలు బయటా పెట్టి వినడం మొదలుపెట్టాడు.

ఆ నవలల్లో హీరో పేరు మల్హర్. ఓడరేవులో కస్టమ్స్ ఆఫీసరుగా ఉండి, దాచమన్న ఫైలు దాచనందుకు ఉద్యోగం పోగొట్టుకున్నవాడు. ఎడమచేతికి రెండు వేళ్ళుండవు. నీళ్ళంటే భయం. పడవెక్కాలంటే కాళ్ళు వణుకుతాయి. నవ్వడు. నవ్వించడు. ఒక్కో పుస్తకంలో ఒక్కో కొత్త ఊళ్ళో దిగుతాడు. అక్కడ ఊరందర్నీ భయపెట్టి బతికేవాడొకడు ఉంటాడు. మల్హర్ మొదట తన్నులు తింటాడు, తర్వాత లేస్తాడు. అలాంటి పుస్తకాలు నలభై పైనే ఉన్నాయి. తెనాలి స్టేషన్ దగ్గర పాత పుస్తకాలు అమ్మే ముసలాయన ఒకాయన పుల్లమ్మ కోసమే వాటిని ఏరి పక్కన పెట్టేవాడు. కూతురు జెన్నిఫర్ తెనాలిలో నర్సింగ్ చదువుతుండడంతో పుల్లమ్మ నెలకోసారైనా అక్కడికి వెళ్ళేది. వచ్చేటప్పుడు రెండో మూడో మల్హర్‌లు సంచీలో ఉండేవి.

పుల్లమ్మకి అప్పటికి నలభై ఏడేళ్ళు. రేపల్లె దగ్గరి పల్లెలో పుట్టింది. పదో తరగతి దాకా చదివింది. బాపట్ల లూథరన్ చర్చిలో గంట కొట్టి, వాకిళ్ళు ఊడ్చే అంద్రెయను పెళ్ళి చేసుకుని ఈ ఊరొచ్చింది. ఆమెకు పదిహేనో ఏట ఒక సంగతి జరిగింది. పొలం గట్టుమీద ఎదురొచ్చి పక్కకి తప్పుకోలేదని ఒక రైతు ఆమె తండ్రిని చెంపమీద కొట్టాడు. పుల్లమ్మ, ఆమె అన్న తోమాసు వెనకాలే గడ్డిమోపులతో వస్తున్నారు. తండ్రి ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, కూర బాగుందని చెప్పి, అన్నం తిన్నాడు. ఎవరూ ఏమీ చూడనట్టే తిన్నారు. ఆ వారంలోనే తోమాసు ఎక్కణ్ణుంచో ఒక మల్హర్ నవల తెచ్చాడు. అన్నాచెల్లెళ్ళిద్దరూ దాన్ని పేజీలు ఊడేదాకా చదివారు. అందులో మల్హర్‌ని నలుగురిలో నిలబెట్టి కొడతారు. అతను ఇంటికెళ్ళి అన్నం తినడు. మళ్ళీ అక్కడికే వెళతాడు. పుల్లమ్మకి ఆ పుస్తకమంటే ఎందుకంత ఇష్టమో హాల్లో ఎవరికీ చెప్పలేదు. అంద్రెయకి కూడా చెప్పలేదు.

హాల్లో ఆమెకి ఎడమపక్క రంగమ్మ కూర్చునేది, కుడిపక్క రహీమున్నీసా. రంగమ్మ పెద్దది, మోకాళ్ళు అరిగిన మనిషి. రహీమున్నీసాకి ముప్పై మూడేళ్ళు. భర్త బుడే సాహెబ్ బజార్లో చిన్న అరుగుమీద మిషను పెట్టుకుని బట్టలు కుట్టేవాడు. ముబీనా అని ఒక్కతే కూతురు, ఎనిమిదో తరగతి చదివేది. కథని మధ్యలో ఆపి నిలదీసేది హాలంతటిలో రహీమున్నీసా ఒక్కతే.

“అక్కా, ఆ మల్హర్‌కి అన్నం ఎవరొండుతున్నారు? ఇన్ని పుస్తకాలు చదివావు. ఒక్కదాంట్లోనన్నా చొక్కా ఉతుక్కున్నాడా?”

హాలంతా నవ్వింది. రంగమ్మకి మాత్రం కోపమొచ్చింది. “నవ్వుతారేంటే? ఆ మనిషి ఎవర్నీ అయ్యా బాబూ అనడు. నాకు అందుకే నచ్చుతాడు. పొద్దున లేస్తే నేను ఎంతమందిని అంటానో మీకేం తెలుసు!”

“పెళ్ళాం పిల్లలు ఉంటే అంటాడులే,” అంది రహీమున్నీసా. “ఇన్ని దెబ్బలు తిని మర్నాటికి లేచి కూర్చుంటాడు. మనం లేస్తామా? మొన్న జారిపడ్డదానికి నాకు నెలరోజులు నడుం పట్టేసింది.”

“మరి రోజూ చెవులప్పగించి వింటావేంటి?”

“అబద్ధమైనా బాగుంటది పిన్నీ,” అంది రహీమున్నీసా. “ఒక్కడన్నా లేస్తున్నాడుగా.”

తర్వాత రహీమున్నీసాని బాయిలర్ షెడ్డులోకి మార్చారు. జీడిగింజలు పగలగొట్టే ముందు ఆవిరిమీద ఉడకబెట్టే చోటది. కూలి కాస్త ఎక్కువ, వేడీ ఎక్కువే. కథ తప్పిపోతుందని ఆమెకి బెంగ. మధ్యాహ్నం క్యారేజీ విప్పుతూనే “ఎందాకా వచ్చింది?” అనేది. పుల్లమ్మ ముద్ద ముద్దకీ మధ్య పొద్దుటి భాగం చెప్పేది.

అది మార్చి నెల. ఎండ అప్పుడే ముదురుతోంది. మంగళవారం పదిన్నరప్పుడు పుల్లమ్మ మంచినీళ్ళ కోసం షెడ్డు పక్కనున్న కుళాయి దగ్గరికి వెళ్ళింది. హాల్లో అంతా ఆమె కోసం ఎదురుచూస్తున్నారు. మల్హర్‌ని, అదీ నీళ్ళంటే భయపడే మనిషిని, చేతులు కట్టేసి పాడుబావిలోకి తోసిన చోట ఆపి వచ్చింది. కుళాయి కింద బిందె పెట్టి తలెత్తేసరికి, ప్రతాప్ చిన్న నిచ్చెన మీద నిలబడి బాయిలర్ నెత్తిన ఏదో కడుతున్నాడు. ఆవిరి మితిమీరితే తనంతట తనే తెరుచుకుని బయటికి వదిలే సేఫ్టీ వాల్వ్ అది. దాన్ని బైండింగ్ వైరుతో రెండు చుట్లు చుట్టి బిగించాడు.

“పొద్దున్నుంచి బుసలు కొడుతోందక్కా,” అంది రహీమున్నీసా చెమట తుడుచుకుంటూ. “ఆవిరంతా పోయి గింజ ఉడకట్లేదంట. బాగుచేయించండి అంటే, నోరు కట్టేశాడు చూడు దానికి.”

“ఏం కాదా?” అంది పుల్లమ్మ.

“ఎల్లుండి మెకానిక్కు వస్తాడు పిన్నీ,” అన్నాడు ప్రతాప్ నిచ్చెన దిగుతూ. “అందాకా ఏం కాదు.”

పుల్లమ్మ ఆ వైరు వంక ఒక్క క్షణం చూసింది. లోపల్నుంచి ఎవరో “పుల్లమ్మా, చచ్చాడా బతికాడా!” అని కేకేశారు. బిందె చంకనెత్తుకుని వెళ్ళిపోయింది.

మెకానిక్కు గురువారం రాలేదు. నవల కూడా మల్హర్‌ని బావిలోనే వదిలి పాత సంగతుల్లోకి మళ్ళి, ఇంకా బావి దగ్గరికి తిరిగి రాలేదు. శుక్రవారం పొద్దున్న పదకొండు గంటలకి హాలు గోడ అదిరింది. ముందు శబ్దం, తర్వాత తెల్లటి ఆవిరి. ఆ తర్వాత చాలాసేపు ఏమీ కనపడలేదు. బాయిలర్ మూత షెడ్డు రేకుని చీల్చుకుని పోయింది. రహీమున్నీసాని గోనెపట్టాల మీద మోసుకొచ్చి ఆటోలో ఎక్కించారు. పట్టాకి అంటుకున్న చర్మాన్ని చూసి రంగమ్మ అక్కడే కూలబడింది. ఆటో కదిలాక ప్రతాప్ షెడ్డులోకి వెళ్ళి, వంగి, ఏదో ఏరుకుని జేబులో వేసుకోవడం పుల్లమ్మ చూసింది.

ఆ సాయంత్రమే మేనేజరు అందర్నీ వరసలో నిలబెట్టి ఒక కాగితం మీద సంతకాలు తీసుకున్నాడు. ఆవిరి తగ్గకముందే రహీమున్నీసా తొందరపడి మూత తీసిందనీ, యంత్రంలో ఏ లోపమూ లేదనీ అందులో ఉంది. సంతకం రానివాళ్ళు వేలిముద్ర వేశారు. పుల్లమ్మ కాగితమంతా చదివింది. ఆ వరసలో పూర్తిగా చదివింది ఆమె ఒక్కతే. చదివి, సంతకం పెట్టింది.

ఆదివారం గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్ళింది. రహీమున్నీసా మొహంలో ఒక పక్క మాత్రమే గుర్తుపట్టేట్టు ఉంది. బుడే సాహెబ్ మందులకి వెళ్ళాడు. పుల్లమ్మ స్టూలు మీద కూర్చుంది.

రహీమున్నీసాయే అడిగింది. మాట గాలిలాగా వచ్చింది. “బావిలోంచి బయటికొచ్చాడా?”

ఆ పుస్తకం హాల్లోనే ఉండిపోయింది. పుల్లమ్మ మిగతాది చదవనే లేదు. “వచ్చాడు,” అంది.

“ఎట్టా?”

“బావి గోడకి రాళ్ళు పొడుచుకొచ్చి ఉన్నాయి. ఒక్కో రాయి మీద ఒక్కో కాలు ఆనించుకుంటూ... పాచి పట్టి జారుతున్నాయి... అయినా ఎక్కాడు.”

“చేతులు కట్టేసి ఉన్నాయిగా.”

పుల్లమ్మ దుప్పటి అంచు సర్దింది.

“అబద్ధం చెబుతున్నావక్కా,” అంది రహీమున్నీసా. కాసేపు కళ్ళు మూసుకుంది. “నువ్వింకా చదవలేదు.”

మర్నాడు పొద్దున ఆమె చనిపోయింది.

యూనిట్ వారంరోజులు మూసి మళ్ళీ తెరిచారు. పగిలిన బాయిలర్ని తీసేసి, మూలన పడి ఉన్న రెండోదాన్ని వాడకంలోకి తెచ్చారు. దాని దగ్గరికి జ్యోత్స్న అనే అమ్మాయిని పెట్టారు. ఇరవై రెండేళ్ళది, పనిలో చేరి రెండు నెలలయింది. అప్పుడు మూడో నెల కడుపుతో ఉంది. పుల్లమ్మ నీళ్ళ కుళాయి వైపు వెళ్ళడం మానేసింది. దాహమేస్తే ఓర్చుకునేది. పదో రోజు ఇక తప్పక వెళ్ళింది. తలెత్తకూడదనుకుంటూనే తలెత్తింది. రెండో బాయిలర్ నెత్తిన కూడా వైరు ఉంది. కొత్త వైరు, ఎండకి మెరుస్తోంది.

“ప్రతాపూ, అది తీసెయ్యి నాయనా,” అంది.

ప్రతాప్ మొహం పీక్కుపోయి ఉంది. అతనికీ నిద్ర ఉన్నట్టు లేదు. “నేను కడుతున్నానా పిన్నీ? కట్టమంటే కడుతున్నా. తీస్తే రేపు నన్ను తీస్తారు.” తర్వాత గొంతు తగ్గించి అన్నాడు: “నీ సంతకం కూడా ఉందిగా కాగితం మీద.”

జ్యోత్స్నని పక్కకి పిలిచి వేరే పని అడగమంది. “అడిగాను పిన్నీ, మానెయ్యమన్నారు. ఇంట్లో ఏం చెప్పను?” అంది ఆ పిల్ల.

ఆ సాయంత్రం పుల్లమ్మ బుడే సాహెబ్ అరుగు దగ్గరికి వెళ్ళింది. అతను జాకెట్టుకి కాజాలు కుడుతున్నాడు. ముబీనా లోపల గదిలో చదువుకుంటోంది. పుల్లమ్మ మంగళవారం నాడు తను చూసింది దాచకుండా చెప్పింది. బాపట్లకి ఫ్యాక్టరీల అధికారి విచారణకి వస్తున్నాడనీ, ఆయనకి చెబుదామనుకుంటున్నాననీ చెప్పింది.

బుడే సాహెబ్ సూది ఆపలేదు. “వద్దక్కా.”

“అది కాదు అన్నా...”

“మేనేజరుగారు మాటిచ్చారు. పాప చదువయ్యేదాకా చూసుకుంటామన్నారు. గొడవైతే ఆ మాట పోద్ది. నా కళ్ళు చూస్తున్నావుగా. ఇంకెన్నాళ్ళు కుడతాను?”

“రెండోదానికీ వైరు కట్టారన్నా. అక్కడ ఒక కడుపుతో ఉన్న పిల్ల నిలబడుతోంది.”

అప్పుడు ఆపాడు. “మా మనిషి పోయిందక్కా. ఇంకొకరి మనిషిని కూడా నేనే కాయాలా?” అన్నాడు. అందులో కోపం లేదు. నిజంగానే అడిగాడు. రెండు చేతులూ జోడించాడు. “నీ కాళ్ళు పట్టుకుంటా. చెప్పొద్దు.”

తను చదివిన నలభై పుస్తకాల్లోనూ మల్హర్‌ని కొట్టినవాళ్ళున్నారు, కొనబోయినవాళ్ళున్నారు, కత్తి చూపించినవాళ్ళున్నారు. చేతులు జోడించి, ఎవరి కోసం పోరాడుతున్నావో ఆ ఇంటిమనిషిగా అడుగుతున్నాను, వద్దు అన్నవాడు ఒక్కడూ లేడు. పుల్లమ్మ మధ్యనున్న రెండు వీధులూ నడిచి ఇంటికి వచ్చేసరికి అరగంట పట్టింది.

అంద్రెయకి అంతా చెప్పింది. అతను మాటకారి కాదు. విని, గోడకి ఆనుకుని కూర్చున్నాడు. పొద్దున్నే లేచి మాత్రం చర్చి తాళాలు పాస్టరు భార్యకి ఇచ్చి వచ్చి, చొక్కా తొడుక్కున్నాడు. “పద, నేను కూడా వస్తా,” అన్నాడు.

కలెక్టరాఫీసులో వరండా బెంచీ మీద మూడు గంటలు కూర్చున్నారు. పుల్లమ్మ రెండుసార్లు బాత్రూముకి వెళ్ళాలని లేచింది. దానికి తాళం వేసి ఉంది. పిలిచేసరికి అంద్రెయ రెక్క పట్టుకుని లేపాడు. అధికారి కుర్రవాడే. కళ్ళజోడు తీసి పక్కన పెట్టి విన్నాడు. “ముందు సంతకం పెట్టారు కదమ్మా?” అన్నాడు. “పెట్టానండి. అది అబద్ధమండి,” అంది. ఆయన రాసుకున్నాడు.

మర్నాడు జీపు వచ్చింది. రెండో బాయిలర్ మీద వైరు వైరులాగే ఉంది. మధ్యాహ్నానికి యూనిట్‌కి సీలు వేశారు. మేనేజరు మీద, ప్రతాప్ మీద కేసు పెట్టారు. జ్యోత్స్నతో పాటు అరవైమందీ ఇంటికి వెళ్ళిపోయారు.

మూడునెలలు సీలు తీయలేదు.

వీధి కుళాయి దగ్గర పుల్లమ్మ బిందె పెడితే వెనకవాళ్ళు తమ బిందెలు ఎత్తుకుని పక్కకి జరిగేవాళ్ళు. మొదట్లో ఎవరూ మాట అనలేదు. జూన్‌లో బళ్ళు తెరిచే రోజులొచ్చాక రంగమ్మ నోరు విప్పింది. “చెప్పావుగా గొప్పగా. ఇప్పుడు నీ మల్హర్ వచ్చి మా ఇళ్ళల్లో పొయ్యి వెలిగిస్తాడా? అడుగు ఆయన్ని!” ఇంకేదో అనబోయి ఏడ్చేసింది. ఆ పాడుబావి నవల హాల్లో ఎవరికి దొరికిందో గాని, ఒకరోజు పుల్లమ్మ గుమ్మంలో పడి ఉంది. జీడినూనెలో ముంచి తీశారు దాన్ని. నల్లగా జిగటగా, ఒక పేజీ కూడా విడిపోకుండా ఉంది. అది ముట్టుకున్న పుల్లమ్మ వేళ్ళు పొక్కులొచ్చి పదిరోజులు మంటపెట్టాయి.

మేనేజరు మాట పోయింది. బుడే సాహెబ్ పుల్లమ్మని దారిలో చూస్తే తలవంచుకుని అవతలి వైపుకి నడిచేవాడు. తిట్టినా బాగుండేదనిపించేది ఆమెకి.

ఆ రోజుల్లోనే ఆమెకి మల్హర్ గురించి ఒక సంగతి తట్టింది. ప్రతి పుస్తకం ఆఖర్లోనూ అతను ఊరు వదిలి వెళ్ళిపోతాడు. బస్సు కిటికీలోంచి వెనక్కి కూడా చూడడు. ముప్పై ఏళ్ళుగా ఆ ఆఖరి పేజీ దగ్గర ఆమె గుండె ఉప్పొంగేది. అతను వెళ్ళాక ఆ ఊళ్ళో మర్నాడు ఏం జరిగింది? మూతపడ్డ మిల్లులో పనివాళ్ళు ఏం తిన్నారు? నిజం చెప్పిన మనిషి కుళాయి దగ్గర నీళ్ళు ఎట్లా పట్టుకుంది? అది ఏ పుస్తకంలోనూ లేదు. మల్హర్ ధైర్యంలో సగం ఆ బస్సు టిక్కెట్టులోనే ఉందని ఆమెకి అనిపించింది. అలా అనుకున్నందుకు, సొంతమనిషిని మాట అన్నట్టు బాధపడింది కూడా.

యూనిట్ మళ్ళీ తెరిచారు. కొత్త బాయిలర్లు వచ్చాయి, వాల్వులు పరీక్షించి కాగితాలు అంటించారు. పుల్లమ్మని తప్ప అందరినీ తీసుకున్నారు. వేటపాలెం యూనిట్లలో అడిగింది. అక్కడికి ఆమెకన్నా ముందే ఆమె పేరు వెళ్ళింది. చివరికి రేపల్లెలో అన్న తోమాసు తను పనిచేసే రైస్‌మిల్లులో మాట్లాడి పెట్టాడు. తవుడు సంచుల్లోకి ఎత్తడం, కళ్ళం ఊడవడం. అంద్రెయ బాపట్లలోనే ఉన్నాడు. చర్చి వదిలి అతను ఉండలేడు. శనివారాలు రేపల్లె వచ్చి, ఆదివారం తెల్లవారకముందే గంట కొట్టడానికి వెళ్ళిపోయేవాడు.

కేసు బాపట్ల కోర్టులో విచారణకి వచ్చేసరికి రెండేళ్ళు పట్టింది. ఆరోజు వరండా నిండా పాత హాలే కూర్చుని ఉంది. ఒక్కొక్కరినీ పిలిచారు. రంగమ్మ చూడలేదంది. జ్యోత్స్న బిడ్డనెత్తుకుని వచ్చి, వైరు సంగతి తనకి తెలియదంది. చెప్పి దిగేటప్పుడు పుల్లమ్మ వైపు చూసి గబుక్కున తల తిప్పుకుంది. తర్వాత పుల్లమ్మని పిలిచారు.

మేనేజరు తరఫు వకీలు పెద్దాయన, మర్యాదగానే మాట్లాడాడు. “మీరు డిటెక్టివ్ నవలలు బాగా చదువుతారటగా అమ్మా?”

“చదువుతానండి.”

“పనివేళల్లో కూడా?”

“అవునండి.”

“హీరో పేరేంటి?”

“మల్హరండి.”

“ఎక్కడ తప్పు జరిగినా వెళ్ళి నిజం బయటపెడతాడు, అంతేనా? ఒంటిచేత్తో?” వెనకాల కొందరు నవ్వారు. “మీరూ ఆయనలాగా ఒక కథ అల్లారు.”

పుల్లమ్మ బోను కర్ర గట్టిగా పట్టుకుంది. “లేదండి,” అంది. “ఆయనైతే ఆ మంగళవారమే వైరు పీకి పారేసేవాడండి. నేను చూసి కూడా, మంచినీళ్ళు పట్టుకుని వెళ్ళి కూర్చున్నానండి.”

ఎవరూ నవ్వలేదు. వకీలు కాగితం చేతిలోకి తీసుకున్నాడు. “ఈ సంతకం మీదేనా?”

“నాదేనండి.”

“లోపం లేదని చదివే సంతకం పెట్టారు?”

“చదివే పెట్టానండి. భయమేసిందండి.”

“ఇప్పుడు భయం పోయిందా?”

“లేదండి. ఉందండి.”

జడ్జిగారు తలెత్తి ఆమె వంక ఒకసారి చూసి, టైపిస్టుకి ఆ మాటలు చెప్పి కొట్టించారు.

తీర్పు నాలుగు నెలలకి వచ్చింది. మిగతా సాక్షులు బలపరచలేదనీ, ఈ సాక్షి అంతకుముందు వేరే విధంగా సంతకం చేసిందనీ, నేరం రుజువు కాలేదన్నారు. ఫ్యాక్టరీ రూల్స్ తప్పినందుకు జరిమానా పడింది. యజమాని అది కట్టేశాడు. బుడే సాహెబ్‌కి చట్టప్రకారం రావాల్సిన నష్టపరిహారం లేబర్ ఆఫీసు ద్వారా ఆలస్యంగా వచ్చింది. మాట ఇచ్చినవాడి దయ మీద కాకుండా వచ్చింది. అది ఆ విచారణ రిపోర్టు వల్లేనని అంద్రెయ అంటాడు. బుడే సాహెబ్ మాత్రం ఎన్నడూ ఆ మాట అనలేదు. పుల్లమ్మ కూడా ఎదురుచూడలేదు. ముబీనా ఇంటర్‌లో చేరిందని విని మాత్రం ఆ పూట మిల్లులో అన్నం సరిగ్గా తినలేకపోయింది. సంతోషమో, ఇంకేదో, ఆమెకే తెలియలేదు.

మల్హర్‌ని ఆమె మానలేదు. ఏడాదిపాటు ముట్టుకోలేదంతే. తర్వాత మళ్ళీ మొదలుపెట్టింది, మధ్యాహ్నం విశ్రాంతి వేళ, తనలో తనే. మిల్లు మోతలో పైకి చదివినా ఎవరికీ వినపడదు. ఇప్పుడు దెబ్బలాటల పేజీలు తిప్పేస్తుంది. మల్హర్ భయపడే చోట్ల ఆగుతుంది.

పోయిన వర్షాకాలం తవుడు దుమ్ముకి దగ్గు ముదిరితే, జెన్నిఫర్ తను పనిచేసే తెనాలి ఆసుపత్రికి రమ్మంది. డాక్టరు గది ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. గోడవారగా బెంచీ చివర రంగమ్మ కూర్చుని ఉంది, ఒక కంటికి గుడ్డ కట్టుకుని. ఇద్దరూ ఒకేసారి చూసుకున్నారు. పుల్లమ్మ వెనక్కి తిరగబోయింది. రంగమ్మ సంచీ ఒళ్ళోకి తీసుకుని, కాస్త జరిగింది.

పుల్లమ్మ కూర్చుంది.

“ఎక్కడ చేస్తున్నావు?” అంది రంగమ్మ.

“రేపల్లెలో, మిల్లులో.”

“దుమ్ము కదా.”

“అవును.”

“జ్యోత్స్నకి మళ్ళీ నెల తప్పింది. ఇంకా బాయిలర్ దగ్గరే చేస్తోంది.” కంటి గుడ్డ సవరించుకుని, “హాల్లో ఇప్పుడు ఎవరూ మాట్లాడుకోరు. పొద్దు పోదు,” అంది.

పుల్లమ్మకి దగ్గు తెర వచ్చింది. కొంగు అడ్డం పెట్టుకుని దగ్గింది. లోపల్నుంచి రంగమ్మ పేరు పిలిచారు. ఆమె మోకాళ్ళు పట్టుకుని లేచి, రెండడుగులు వేసి, వెనక్కొచ్చింది. చేతిలో సంచీ పుల్లమ్మ పక్కన పెట్టింది.

“చూస్తుండు. వస్తా,” అని లోపలికి వెళ్ళింది.